జేబు మీద ఎర్రదారం

మే 21, 1994

ఈ డైరీ ఎరువుల షాపు వాళ్ళు మా అర్బాబ్‌కు, అంటే తోట యజమానికి, ఇచ్చారు. ఆయనకు అక్కర్లేదని నాకిచ్చాడు. ఇన్నాళ్ళూ పెట్టె అడుగున పడి ఉంది. రాయడానికి నా దగ్గర ఏముంది? కొబ్బరితోటకు నీళ్ళు పెట్టడం, బోండాలు దించడం, పికప్‌లో రోడ్డుపక్క దుకాణాలకు వేసి రావడం.

ఈరోజు ఫజల్ తన భార్య రషీదున్నీసాను ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నాడు. నయమై కాదు. ఇక చేయడానికి ఏమీ లేదన్నారట. జబ్బు లోపలిది. పేరు రాయను.

ఫజల్‌ది కోరుట్ల. ఇక్కడ ఒమాన్‌లో, సలాలాలో దర్జీ దుకాణం. ముందు దుకాణం, వెనక వాళ్ళుండే గది, ఆ గోడ అవతల మా తోట. రషీదున్నీసా కాజాలు తీసేది, గుండీలు కుట్టేది, అరబ్బులు తొడిగే పొడుగు అంగీలకు, దిష్‌డాషాలకు, మెడ దగ్గర దారంపని చేసేది. ఈ దేశంలో నన్ను అన్నా అని పిలిచేది ఆమె ఒక్కతే.

బోండాలు ఇవ్వడానికి వెళ్ళాను. మంచం మీద పడుకుని ఉంది. నన్ను చూసి, "ఆస్పత్రిల ఎవలన్న పంటరా దేవన్న? అంత గమ్మునుంటది. నాకు గా మిషిన్ సప్పుడు ఇనవడాలె. గది ఇనుకుంటనే పోత" అంది.

ఫజల్ దుకాణంలో మిషన్ తొక్కుతున్నాడు. ఆపలేదు.

మే 24

సందు చివరి క్లినిక్ నుంచి పెద్ద డాక్టరు వచ్చాడు. అబ్దుల్ వహాబ్, సూడాన్ మనిషి. పొడుగు, మెల్లగా మాట్లాడతాడు. ఆమెను చూసి, ఇంటి దగ్గరే సేవ చేయొచ్చని, నొప్పికి సూది వేయొచ్చని కాగితం రాసిచ్చాడు. రోజూ వచ్చి సూది వేసే ఆమెను కూడా వెంట తెచ్చాడు. పేరు కృపావతి. నర్సాపురం దగ్గరి పల్లె. చర్చికి పోయే మనిషి.

నేను లేచి నిలబడి "నమస్తే డాక్టరమ్మా" అన్నాను.

"అయ్యో, నేను డాక్టర్ని కాదండీ బాబాయ్ గారూ. మెడికల్ అసిస్టెంట్‌ని. నర్సుకి పైన, డాక్టర్‌కి కింద. మధ్యలో వేలాడతా ఉంటాను" అని నవ్వింది.

మా ఊరి దిక్కు సూది వేసేవాడు డాక్టరే. మందుల సంచీ సైకిల్‌కు తగిలించుకుని వచ్చేవాణ్ని కూడా డాక్టర్ సాబ్ అనే అంటాం. ఇంకో మాట మాకు తెలియదు.

జూన్ 2

బోండాలు ఇవ్వడానికి వెళ్ళాను. కృపావతమ్మ పని చేస్తుంటే గడప బయట కూర్చున్నాను. తలుపుకు తెర వేసి ఉంది. మాటలు వినబడతాయి.

ఆమె ముందు చేతులు కడుక్కుంటుంది. తర్వాత వాటిని రెండిటినీ రుద్ది వెచ్చ చేసుకుంటుంది. చల్లటి చేయి ఆమెకు తగలకూడదట. "ఇప్పుడు ఎడమ పక్కకి తిప్పుతున్నానండీ" అని చెప్పి మరీ తిప్పుతుంది. చెప్పకుండా ఏదీ చేయదు. రషీదున్నీసా ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. ఆస్పత్రిలో రోజూ అనేదని ఫజల్ చెప్పాడు.

వెళ్ళబోతుంటే ఫజల్ అడిగాడు. "డాక్టరమ్మా, రాత్రిళ్ళు నొప్పి ఎక్కువైతున్నది. మందు జెర పెంచరాదుండ్రి?"

"నేను పెంచకూడదు భాయ్. రోగిని డాక్టర్ గారు తన కళ్ళతో చూసి రాస్తేనే నేను ఈ గడప తొక్కాలి. ఎంత రాస్తే అంతే వెయ్యాలి. నా చేత్తో రాస్తే ఆ కాగితం చెల్లదు."

"మీకు తెల్వదా ఎంత కావాల్నో?"

"తెలియడం వేరండీ, రాయడం వేరు. సాయంత్రం డాక్టర్ గారికి ఫోన్ చేసి ఎట్లా ఉందో చెప్తాను. ఆయన రాస్తారు."

జూన్ 3

పెద్ద డాక్టరు వచ్చి చూసి, మందు పెంచి రాశాడు. ఆమె మాట తప్పలేదు.

జూన్ 9

బోండాలు ఇచ్చాను.

జూన్ 14

ఫజల్ గిరాకీతో కొలతల దగ్గర ఉండగా రషీదున్నీసా నన్ను పిలిచింది. తలగడ కింద నుంచి తెల్లబట్ట తీసి చూపించింది. కృపావతమ్మకు కోటు. కొలత ఎవరిచ్చారని అడిగాను.

"దర్జీ పెండ్లాన్ని. మనిషిని సూస్తె కొలత దెల్వదా?" అంది. "మిషిన్ పని ఆయిన జేసిండు. జేబు మీద దారంపని నాది. జరంత పనున్నది నీతోటి."

క్లినిక్ బోర్డు మీద పెద్ద డాక్టరు పేరుకు ముందు ఒక మాట ఉంటుంది కదా, దాన్ని ఇంగ్లీషులో ఎట్లా ఉందో అట్లా చూసి రాసి తెమ్మంది. పేరు అక్కర్లేదట. ఆ ఒక్క మాట చాలట.

"ఫజల్‌కు చెప్పొద్దా?" అన్నాను.

"ఆయినకు చెప్తె ఊరంత చెప్తడు. నువ్వైతె చెప్పవు. నీకు మాట్లాడుడే రాదాయె."

నవ్వింది. నాకు కోపం రాలేదు.

జూన్ 15

మధ్యాహ్నం క్లినిక్ మూసి ఉన్నప్పుడు బోర్డు ముందు నిలబడి రాశాను. ఆరు అక్షరాలు. గుండ్రటిది రెండుసార్లు వస్తుంది. నాకు ఇంగ్లీషు రాదు. చెట్టును చూసి చెట్టు గీసినట్టు గీశాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని చెమట పట్టింది.

ఇచ్చాను. కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "మంచిగ రాసినవ్ దేవన్న" అంది.

బోండాలు ఇవ్వడానికే వెళ్ళాను.

జూన్ 22

తుంపర మొదలైంది. కొండలు కనబడటం లేదు. ఇక్కడి వానకాలాన్ని ఖరీఫ్ అంటారు. అది వచ్చిందంటే రెండు మూడు నెలలు ఇంతే. ఈ వానకు గడ్డి పెరుగుతుంది, పనీ పెరుగుతుంది.

పెద్ద డాక్టరు కొండ మీది పల్లెల దవాఖానాకు వెళ్ళాడట. ఖరీఫ్‌లో అక్కడ జ్వరాలు ఎక్కువట. ఎప్పుడు దిగుతాడో తెలియదు.

జూన్ 26

ఈరోజు కోటు ఇచ్చింది. ఎర్రదారంతో ఆరు అక్షరాలు, కింద సన్నటి తీగ. మిషన్ కూడా అంత సమంగా కుట్టదు. పడుకుని కుట్టింది. కొంచెం కుట్టి, కొంచెంసేపు కళ్ళు మూసుకుని, మళ్ళీ కుట్టిందట.

కృపావతమ్మ జేబు మీది మాట చదివింది. కోటును మళ్ళీ మడవబోయింది.

"ఏందమ్మా, తప్పు బడ్డదా?" అని అడిగింది రషీదున్నీసా.

"తప్పేం లేదమ్మా. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు."

"మరి తొడుక్కొని సూపియ్యి. నా కండ్ల ముంగట ఒక్కపారి."

తొడుక్కుంది. సరిగ్గా సరిపోయింది. గది నాలుగు మూలలకూ నడిచి చూపించింది. రషీదున్నీసా ముఖం ఎట్లా ఉందో రాయలేను. అప్పుడే దుకాణంలోకి క్లినిక్ మేనేజర్ వచ్చాడు. దిష్‌డాషాకు కొలతలు ఇవ్వడానికి. తెర తొలగి ఉంది. చూశాడు. కొలతలిచ్చి వెళ్ళిపోయాడు.

జూన్ 28

కృపావతమ్మ రాలేదు. క్లినిక్‌లో ఎవరో అన్నారట, డాక్టరునని చెప్పుకుని ఇళ్ళల్లో తిరుగుతోందని. మేనేజర్ ఇంటి డ్యూటీలన్నీ ఆపేశాడు. పెద్ద డాక్టరు దిగివచ్చి, మళ్ళీ చూసి, మళ్ళీ రాసేదాకా ఎవరింటికీ పోవద్దని. ఈ సందులోనే హలీమా అని మంచం పట్టిన ముసలమ్మ ఉంది, ఒమానీ ఆమె. ఆమెకూ ఆగిపోయింది.

నొప్పి ఉంటే రషీదున్నీసాను ఆస్పత్రిలో చేర్చండి అన్నాడట.

ఆ అక్షరాలు తెచ్చింది నేను.

జూన్ 30

తుంపర. బోండాలు తాగడం లేదు.

జూలై 1

డ్యూటీ లేని రోజు. కృపావతమ్మ వచ్చింది. చీర కట్టుకుని, చేతిలో సంచీ లేకుండా. నేను మొదట గుర్తుపట్టలేదు.

"ఈవేళ డ్యూటీ మీద రాలేదు బాబాయ్ గారూ. చుట్టపుచూపు. పక్కమీద మనిషిని తిప్పడానికి, ఒళ్ళు తుడవడానికి, నాలుగు చెంచాల గంజి పట్టడానికి ఏ డాక్టరూ రాసివ్వక్కర్లేదు."

అన్నీ చేసింది. ఫజల్‌కు, నాకు నేర్పింది. దుప్పటి పట్టుకుని ఇద్దరం ఎట్లా పక్కకు జరపాలో, మడమల కింద దిండు ఎట్లా పెట్టాలో. నా చేతులు చూసి, "ముందు రుద్దుకోండి, చల్లగా ఉన్నాయి" అంది. రుద్దుకున్నాను.

సూది మాత్రం లేదు.

జూలై 3

ఈరోజు నొప్పి ఎక్కువ. గోడ ఇవతల తోటలో నాకు వినబడింది. పని చేయలేకపోయాను.

సాయంత్రం కృపావతమ్మ వస్తే ఫజల్ ఆమె ముందు కూలబడ్డాడు. మాట పెళుసుగా వచ్చింది. "సూది క్లినిక్‌ల ఉన్నది. తాళం నీ తాన ఉన్నది. అడ్డం ఏమున్నదమ్మా? ఎవల్ జూస్తరు? నీకు నౌకరే ఎక్కువనా?"

ఆమె కింద కూర్చుంది, అతనికి ఎదురుగా.

"నౌకరీ పోతే ఇంకోటి దొరుకుద్ది భాయ్. నేను డాక్టర్నని చెప్పుకున్నానని వాళ్ళంటున్నారు. అది అబద్ధం. ఈ రాత్రి నా అంతట నేను సూది వేస్తే ఆ అబద్ధం నిజమైపోద్ది. ఆ తర్వాత ఈ క్లినిక్ నుంచి ఇంకెవరింటికీ ఎవర్నీ పంపరు. ఆ సందులో హలీమమ్మ కూడా ఎదురుచూస్తా ఉంది."

"అయితె ఇగ ఆస్పత్రికేనా?"

మంచం మీద నుంచి రషీదున్నీసా అంది. "పొమ్మంటె పోత. మల్ల రాను. మిషిన్ బంద్ జేసి తోల్కపోండ్రి."

కృపావతమ్మ లేచింది. "డాక్టర్ గారు ఇక్కడికి రాకపోతే మనమే ఆయన దగ్గరికి పోదాం. కొండెక్కే బండి ఎవరిదైనా ఉందా?"

నేను ఉందన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

జూలై 4

ఈరోజు చాలా రాయాలి. చేయి నొప్పిగా ఉన్నా రాస్తాను.

పొద్దున్నే అర్బాబ్‌ను పికప్ అడిగాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. తాళం ఇచ్చి, డీజిల్ పోయించుకో అన్నాడు.

కృపావతమ్మ ఆ కోటును మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఎందుకమ్మా ఇది, దాచేస్తే పోయేది కదా అన్నాను. "దీని వల్లే కదా గొడవ. దీన్నే చూపిస్తాను" అంది.

కొండ మొదలవగానే పొగమంచు కమ్మింది. బండి ముక్కు కూడా కనబడలేదు. లైట్లు వేసినా తెల్లగోడే. ఒకచోట ఆగాను. ఎదురుగా ఏదో ఉందనిపించింది. ఆమె అద్దం దించి తల బయట పెట్టి, "ఒంటెలండీ, కూర్చున్నాయి. రోడ్డు వాటిదే అన్నట్టున్నాయి" అంది. హారన్ కొట్టాను. లేవలేదు. ఆమె దిగి వెళ్ళి, మంచం మీద మనిషికి చెప్పినట్టే, "కొంచెం పక్కకి జరుగుతారా అమ్మా" అంది. నాకు నవ్వొచ్చింది. ఒకటి లేచింది. దాన్ని చూసి మిగతావీ లేచాయి.

ఆ తర్వాత ఆమె బండి ఎక్కలేదు. తెల్లకోటు తొడుక్కుని ముందు నడిచింది, మలుపులన్నీ దాటేదాకా. చీకట్లో అయితే తెలుపు కనబడేది. మంచులో తెలుపు కనబడదు. జేబు మీది ఎర్రదారం మాత్రం, ఆమె వెనక్కి తిరిగి చేయి ఊపినప్పుడల్లా కనబడింది. దాన్ని చూసుకుంటూ నడిపాను.

కొండ మీది దవాఖానా రెండు గదులు. బయట బోలెడు మంది, పిల్లలతో, దగ్గుతూ. పెద్ద డాక్టరు మమ్మల్ని చూసి, కోటు చూసి, ముఖం బిగించాడు. మేనేజర్ ఫోన్‌లో చెప్పే ఉన్నాడు. కృపావతమ్మ ఇంగ్లీషులో మాట్లాడింది. నాకు అర్థం కాలేదు. ఆమె తల దించుకోలేదు, గొంతూ పెంచలేదు. అది అర్థమైంది.

ఆయన కోటు చేతిలోకి తీసుకుని వేలితో ఆ మాట తడిమి, ఇది ఎవరు రాశారు అని అరబ్బీలో అడిగాడు. ఆ ఒక్క ముక్క నాకు తెలిసింది.

నేను ముందుకు వెళ్ళాను. ఇన్నేళ్ళలో అర్బాబ్‌తో తప్ప ఒక్క పెద్దమనిషితో మాట్లాడి ఎరగను. వచ్చిన అరబ్బీలో, రాని చోట హిందీలో చెప్పాను. అక్షరాలు నావి. కుట్టింది మంచం మీద ఉన్న ఆమె. ఈ తల్లి మొదటి రోజు నుంచీ నేను డాక్టర్ని కాదు కాదు అంటూనే ఉంది. మాకే వేరే మాట తెలియదు. మా ఊళ్ళో సూది వేసి నొప్పి తీసేవాళ్ళను ఇదే మాటతో పిలుస్తాం. దండం పెట్టడానికి ఇంకో మాట ఉంటే అది కుట్టేవాళ్ళం.

గోడ పట్టుకున్నాను.

డాక్టరు మెల్లగా అరబ్బీలో అన్నాడు, నైలు ఒడ్డున మా ఊళ్ళోనూ కాంపౌండర్‌ను కూడా డాక్టర్లాగే హకీం అనేవాళ్ళు, మా అమ్మ చచ్చేదాకా అట్లాగే పిలిచింది అని. కోటు మడిచి కృపావతమ్మకు ఇచ్చాడు. ఈ మాట ఉండకూడదు అన్నాడు. ఆమె తల ఊపింది. ఇంటికి వచ్చి చూస్తేగానీ నేను కూడా రాయకూడదు, ఈ రోగులను వదిలి ఎట్లా రాను అన్నాడు.

అప్పుడామె కొంగు దోపుకుంది. బరువులు చూడటం, జ్వరం చూడటం, ఆయన రాసినవి ఇవ్వడం. ఎవరికి ముందు అవసరమో చూసి లోపలికి పంపింది. ఒక్క మందు కూడా తన అంతట ఇవ్వలేదు. ప్రతిదానికీ ఆయన ముఖం చూసి, ఆయన ఊఁ అంటేనే. అయినా గది చకచకా ఖాళీ అయింది. కింద ఉండటం అంటే తక్కువగా ఉండటం అనుకునేవాణ్ని. కాదు.

చివరి పిల్లవాడు వెళ్ళాక డాక్టరు సంచీ తీసుకుని పికప్ ఎక్కాడు. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని దిగాం. దారిలో ఆయన నిద్రపోయాడు. తల నా భుజం మీద పడింది. నేను కదల్లేదు.

వచ్చి రషీదున్నీసాను చూశాడు. మళ్ళీ రాశాడు. హలీమాకు కూడా చూసి రాశాడు. కృపావతమ్మ చేతులు కడుక్కుని, రుద్దుకుని, సూది వేసింది. కాసేపటికి రషీదున్నీసా, "మిషిన్ ఆగిందేంది?" అని అడిగింది.

ఫజల్ పరుగెత్తాడు.

జూలై 5

కోటు మీద మాట విప్పాలి. ఫజల్ బ్లేడు తెచ్చాడు.

"ఇటు దే" అంది రషీదున్నీసా. "మీరైతె బట్ట కోస్తరు. కుట్టింది నేను, ఇప్పేటిదీ నేనే."

సూది మొనతో ఒక్కొక్క కుట్టూ లేపి తీసింది. కింద తీగ మాత్రం ఉంచింది. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదంది. కృపావతమ్మ పక్కన కూర్చుని కోటు పట్టుకుంది. ఆమె కళ్ళు తుడుచుకుంటే రషీదున్నీసా కసిరింది. "డాక్టరమ్మ ఏడుస్తదా?"

"నేను డాక్టర్ని కాదండీ."

"తెల్సు తీ."

దారం ముక్కలు చాప మీద పడ్డాయి. ఊడ్చింది నేనే. పారేసినవా అని ఫజల్ అడిగితే పారేశానన్నాను.

జూలై 17

నొప్పి లేదు. కొంచెం బోండాం నీళ్ళు తాగింది. పక్కకు తిప్పే పని ఇప్పుడు నాకూ ఫజల్‌కూ బాగా వచ్చింది.

తోటలో కనకవ్వ గుర్తొచ్చింది. నా భార్య. ఆమె సంగతి రాయను.

ఆగస్టు 6

మధ్యాహ్నం నమాజు అయ్యాక ఫజల్ గోడ మీద నుంచి పిలిచాడు. వెళ్ళాను. చేతిలో బోండాలు లేవు.

ఊపిరి దూరం దూరంగా వస్తోంది. కృపావతమ్మ పక్కన కూర్చుని చేయి పట్టుకుని ఉంది. ఫజల్ కల్మా చదువుతున్నాడు. రషీదున్నీసా కళ్ళు తెరవకుండానే వేలు దుకాణం వైపు చూపించింది. ఫజల్ నా వైపు చూశాడు. పో, నేనున్నాను అన్నాను. వెళ్ళి మిషన్ ముందు కూర్చున్నాడు. తెర తీసి ఉంది. అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి. మిషన్ మొదలైంది.

నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాను. ఒక ఊపిరి వచ్చింది. తర్వాతిదాని కోసం చూశాం. రాలేదు. కృపావతమ్మ వంగి చెవి పెట్టి విన్నది. మెడ దగ్గర వేలు పెట్టింది. మళ్ళీ కూర్చుంది. చేయి వదల్లేదు.

"అమ్మా?" అన్నాను.

"డాక్టర్ గారికి ఫోన్ చేయించండి బాబాయ్ గారూ. కొండ మీద ఉన్నా ఆయనే వచ్చి చెప్పాలి. ఆ మాట కూడా నేను చెప్పకూడదు."

దుకాణంలో నుంచి ఫజల్ అరిచాడు. "ఎట్లున్నది?"

ఆమె నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"డాక్టర్ గారు వస్తున్నారు భాయ్" అంది.

ఫజల్‌కు తెలియదని కాదు. మిషన్ ఆపలేదు. సూదిలో దారం లేదు, కింద బట్ట లేదు. ఉత్తగా తొక్కుతున్నాడు. డాక్టరు చెప్పేదాకా ఆమె పోలేదు. పోనంతవరకు ఆమెకు ఆ చప్పుడు వినబడాలి. డాక్టరు కొండ దిగి వచ్చేటప్పటికి సాయంత్రపు అసర్ నమాజు కూడా అయిపోయింది. అంతసేపూ కృపావతమ్మ చేయి వదల్లేదు, అతను కాలు ఆపలేదు.

డాక్టరు చూసి, తల వంచి, ఆ మాట చెప్పాడు.

అప్పుడు ఆగింది.

ఆగస్టు 7

మట్టి ఇచ్చారు. నేను ఖబరస్తాన్ గోడ బయట నిలబడ్డాను. తుంపర.

కనకవ్వ పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. ఆమె చేయి ఎవరు పట్టుకున్నారో, అసలు ఎవరైనా పట్టుకున్నారో లేదో నాకు ఎవరూ రాయలేదు. నేనూ అడగలేదు.

ఆగస్టు 20

ఫజల్ దుకాణం తెరిచాడు. బోండాలు ఇవ్వడానికి వెళ్ళాను. ఇద్దరం తాగాం.

సెప్టెంబర్ 12

మంచు పోయింది. కొండలు పచ్చగా దగ్గరకొచ్చినట్టున్నాయి.

పొద్దున తోట గేటు దగ్గర ఉంటే కృపావతమ్మ హలీమా ఇంటికి పోతూ ఆగింది. ఆ కోటే. ఉతికి ఇస్త్రీ చేసి ఉంది.

"ఎలా ఉన్నారు బాబాయ్ గారూ?"

బాగున్నానన్నాను. ఆమె నవ్వి, ఎండకు ఎదురుగా తిరిగింది. జేబు మీద తీగ ఉంది. తీగ పైన దారం లేదు. సూది దిగిన రంధ్రాలు మాత్రం పోలేదు, ఎన్నిసార్లు ఉతికినా పోవు. వెలుగు పడితే వరసగా కనబడతాయి.

నాకు ఇంగ్లీషు రాదు. ఆ ఒక్క మాట చదవగలను.